డెబ్బై వాట్ల ఇల్లు

మా బాత్రూములో కుళాయి ముట్టుకుంటే కరెంటు జిల్లుమంటోందని మా ఆవిడ మొదటిసారి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. నాకు ఏమీ తెలియలేదు కాబట్టి. మంచం దిగగానే రబ్బరు చెప్పులు వేసుకోవడం నా అలవాటు. స్నానానికి కూడా వాటితోనే వెళ్తాను. ఆవిడ రెండోసారి చెప్పినప్పుడు చెప్పులు విడిచి ముట్టుకున్నాను. నమ్మాను.

ఇల్లు మామగారిది. రాజమండ్రిలో కోరుకొండ రోడ్డు వైపు, లోపలికి వెళ్ళే ఒక వీధిలో ఉంటుంది. అత్తగారు పోయాక ఆయన ఒక్కరే ఎందుకని మేమిద్దరం అద్దె ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చేశాం. నేను కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మామగారు ఒక మిల్లులో ముప్పై ఎనిమిదేళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ఈ ఇంటి వైరింగంతా ఆయన స్వయంగా చేసిందే. ఈ వీధిలో మరో పదకొండు ఇళ్ళ వైరింగూ ఆయనదే. ఇప్పటికీ ఎవరింట్లో ఫ్యాను మూలిగినా సాయంత్రానికల్లా మా గేటు దగ్గర "బాబాయ్ గారున్నారాండి?" అని వినిపిస్తుంది. ఈయన చొక్కా జేబులో టెస్టరు పెట్టుకుని బయల్దేరతారు. ఆయనకు ఆస్తి అంటూ ఉన్నది ఆ పిలుపే అని నా అనుమానం.

మా ఇద్దరి మధ్య ఉన్న మర్యాద గురించి ఇక్కడే చెప్పాలి, లేకపోతే తరవాత జరిగిందేదీ అర్థం కాదు. ఆయన నన్ను "అల్లుడు గారూ" అని పిలుస్తారు. చివర "అండి" చేర్చకుండా నాతో ఒక్క మాట అనరు. నేనూ అంతే. పెళ్ళయిన ఈ తొమ్మిదేళ్ళలో మేం ఒకరినొకరు తప్పు పట్టుకున్నది లేదు. తప్పులు లేక కాదు. తప్పేదైనా ఉంటే అది మా ఆవిడ ద్వారా చేరాలి. ఒకసారి నేను స్కూటరు స్టాండు వెయ్యకుండా దిగబోతుంటే ఆయన అరుగు మీద నుంచి చూశారు. చూసి, లోపలికి తిరిగి, "అమ్మాయ్, అల్లుడు గారికి స్టాండు సంగతి ఓసారి చెప్పమ్మా" అని కేకేశారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి స్కూటరూ నేనూ కలిసే కింద ఉన్నాం.

కుళాయి సంగతి తెలిసిన రోజున మామగారు గీజరు విప్పి చూశారు, మళ్ళీ బిగించారు, టెస్టరు పెట్టి అన్నీ చూశారు. "గీజరులో ఏమీ లేదమ్మా" అన్నారు. కుళాయి పిడికి పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి తొడిగారు. మా ఆవిడకు అది చాల్లేదు. మర్నాడు నేను కాలేజీకి వెళ్తుంటే గుమ్మంలో ఆపి, "నేనొక ఎలక్ట్రీషియన్ని పిలిచాను. నాన్నకి మీరు చెప్పండి" అంది.

"నేనా?"

"మరి నేనా? నన్నంటే తిడతాడు. మిమ్మల్ని ఏమీ అనడుగా."

నేను చెప్పలేదు. ఎలక్ట్రీషియనే వచ్చి చెప్పాడు. నలభై దాటిన మనిషి, కాంట్రాక్టులు చేస్తాడు, చెవిలో ఫోను తాలూకు వైరు ఒకటి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. గోడల మీద వేలి కణుపులతో కొట్టుకుంటూ ఇల్లంతా తిరిగాడు. డాక్టర్లు కడుపు మీద అలాగే కొడతారు. బాత్రూము గోడ దగ్గర ఆగి పెదవి విరిచాడు.

"మొత్తం పీకేసి కొత్తది లాగాలండి. పాత వైరింగు. ఎవరండీ ఇది చేసింది?"

"నేనేనండి" అన్నారు మామగారు.

కాంట్రాక్టరు చెడ్డవాడు కాడు. వెంటనే సర్దుకుని, "బాగా చేశారండి బాబాయ్ గారూ, ఆ రోజులకి" అన్నాడు. పెద్దాపురంలో ఒక ఫంక్షను హాలు పని ఉందనీ, అది అవగానే వస్తాననీ, ఈలోగా ఏదో ఒకటి తేల్చుకోమనీ చెప్పి వెళ్ళిపోయాడు.

'ఆ రోజులకి' అన్న మాట అతను వెళ్ళాక కూడా హాల్లోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం మామగారు రెండు ముద్దలు తిని లేచారు. నేను ఎకనామిక్స్ చదివినవాణ్ణి, ఆ మాత్రం లెక్క నాకూ తెలుసు. తన ఇంటి వైరింగే పీకించారంటే, మిగతా పదకొండు ఇళ్ళవాళ్ళు ఆ పూటే వాళ్ళ గోడల వంక చూసుకోవడం మొదలుపెడతారు. గేటు దగ్గర ఆ పిలుపు మళ్ళీ వినిపించదు.

అప్పుడే నాకు ఒక ఆలోచన వచ్చింది. మనిషి చెబితే ఇంకో మనిషికి నొప్పి. యంత్రం చెబితే ఎవరికీ నొప్పి ఉండదు. ఇంట్లో ఎంత కరెంటు వాడుతున్నామో ఎప్పటికప్పుడు ఫోనులో చూపించే పరికరం ఒకటి ఉంటుందని ఎక్కడో చదివాను. ఇంట్లో అన్నీ ఆపేసినా అది సున్నా చూపించలేదంటే, కరెంటు ఎక్కడో గోడలోకి కారిపోతోందని అర్థమట. ఆన్‌లైన్లో తెప్పించాను. అందులో ముఖ్యమైన భాగం నల్లటి చిన్న దిమ్మ. బట్టలారేసే క్లిప్పులా నోరు తెరుస్తుంది. వైరును కొయ్యనక్కర్లేదు, చుట్టూ మూస్తే చాలు, లోపల ఎంత కరెంటు పోతోందో పసిగడుతుంది. దాని తోక ఒక డబ్బాలోకి వెళ్తుంది, ఆ డబ్బా ప్లగ్గులో కూర్చుని అంకెల్ని ఫోనుకు పంపిస్తుంది.

ఆ పెట్టె చూసి మా ఆవిడ మా ఇద్దర్నీ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

"ఇద్దరూ వినండి. అన్నీ ఆపినప్పుడు ఇందులో సున్నా వస్తే నాన్న వైరింగు ఉంటుంది. రాకపోతే గోడలు పగలగొట్టిస్తాను. సరేనా?"

"అలాగేనమ్మా" అన్నారు మామగారు, కంచంలోకి చూస్తూ.

"అలాగే" అన్నాను నేను, అదే కంచంలోకి చూస్తూ.

ఆదివారం పొద్దున బిగించడం మొదలుపెట్టాను. మెయిను ఆపి బోర్డు తలుపు తెరిచాను. తెరిచి, కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ తలుపు నేను అంతకు ముందు ఎప్పుడూ తెరవలేదు. లోపల వైర్లన్నీ రంగులవారీగా, వరసగా, రెండేసి అంగుళాలకు ఒక దారపు ముడితో మల్లెదండ కట్టినట్టు కట్టి ఉన్నాయి. ఒక్క వైరు పక్కదాన్ని దాటి పోలేదు. నా పుస్తకాల బీరువా ఆయన ఎన్నిసార్లు చూసి ఉంటారో గుర్తొచ్చి సిగ్గేసింది.

పరికరంతో వచ్చిన చిన్న పుస్తకంలో క్లిప్పును ఒక్క వైరు చుట్టూ మాత్రమే బిగించమని ఉంది. ఆ దండలోంచి ఒక్క వైరును విడదియ్యాలంటే కనీసం నాలుగు ముడులు కోయాలి. మామగారు కట్టిన ముడి అల్లుడు కొయ్యడం ఏ పుస్తకం చెప్పినా బావుండదు. అటూ ఇటూ చూస్తే, బయట మీటరు దగ్గర్నుంచి బోర్డులోకి వచ్చే లావుపాటి నల్ల వైరు ఒకటి కనిపించింది. నున్నగా ఉంది. ఒక్కటే ఉంది. పుస్తకంలో చెప్పిందీ ఒక్కటే. క్లిప్పు తెరిచి దాని చుట్టూ మూశాను. టక్కుమంది. జీవితంలో నేను చేసిన మొదటి కరెంటు పని అది. చాలా తేలిగ్గా అయిపోయింది. అప్పుడైనా అనుమానం రావాల్సింది.

మామగారు వచ్చి కళ్ళజోడు పెట్టుకున్నారు. క్లిప్పు వంక చూశారు. నల్ల వైరు వంక చూశారు. మళ్ళీ క్లిప్పు వంక చూశారు. ఏదో అనబోయి, లోపలికి తిరిగారు. మా ఆవిడ ఆ సమయానికి కూరగాయలకు వెళ్ళింది.

"బాగా బిగించారండి" అన్నారు.

నేను పొంగిపోయాను.

ఆవిడ వచ్చాక పరీక్ష పెట్టాం. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్జు, అన్నీ ఆపాం, ప్లగ్గులు లాగేశాం. ఆ డబ్బా ఒక్కటే వెలుగుతోంది. ఫోనులో అంకె వచ్చింది. డెబ్బై వాట్లు.

మామగారి మొహం చూడకుండా ఉండడానికి నేను ఫోను ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాను. డెబ్బై. అరవై తొమ్మిది. డెబ్బై ఒకటి. మళ్ళీ డెబ్బై.

"సరే, ఇప్పుడు అన్నీ వెయ్యండి. సరిగ్గా చెబుతోందో లేదో చూద్దాం" అంది మా ఆవిడ.

అన్నీ వేశాం. ఏసీ వేశాం. ఇస్త్రీ పెట్టె పెట్టాం. ఖాళీ మిక్సీ తిప్పాం, అది పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి తొంగి చూసేలా అరిచింది. ఫోనులో డెబ్బై.

"ఏంటండీ ఇది?" అంది మా ఆవిడ.

ఏంటో నాకూ తెలియలేదు. అన్నీ ఆపితే డెబ్బై, అన్నీ వేస్తే డెబ్బై. ఆదాయం ఎంతైనా ఖర్చు మాత్రం మారని మనిషి గురించి నేను క్లాసులో చెబుతుంటాను గానీ, అలాంటి ఇల్లు ఉంటుందని అనుకోలేదు. క్లిప్పు విప్పి మళ్ళీ బిగించాను. తిప్పి బిగించాను. అమ్మినవాళ్ళకు రాశాను. నా తృప్తే తమకు ముఖ్యమనీ, డబ్బాను ఒకసారి ఆపి వెయ్యమనీ జవాబొచ్చింది. ఆపి వేశాను. డెబ్బై.

వైరింగులో దోషం ఉందని అది చెబుతున్నట్టా, తనలోనే దోషం ఉందని చెబుతున్నట్టా అన్నది ఎటూ తేలలేదు. ఇంట్లో తీర్పు వాయిదా పడింది.

తరవాత రోజుల్లో సంగతి ఇంకా ముదిరింది. శ్రావణ మాసం, వానలు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని ఫోను తెరిస్తే మా ఇల్లు ఎనభై ఎనిమిది చూపించింది. ఆవిడకు ఫోను చేశాను.

"ఏం వేశావు?"

"ఏమీ వెయ్యలేదు. పడుకున్నాను. వాన పడుతోంది."

మర్నాడు ఎండ కాసింది, అరవైకి దిగింది. ఆ సాయంత్రం మళ్ళీ జల్లు పడింది, తొంభై దాటింది. ఒక నోటు పుస్తకంలో పట్టిక గీశాను. ఒక పక్క వాన, ఒక పక్క వాట్లు. పదకొండు రోజులు రాశాక ఒక విషయం స్పష్టంగా తేలింది: మా ఇల్లు వాడే కరెంటు ఇంట్లో మనుషుల మీద కాక ఆకాశం మీద ఆధారపడి ఉంది. గోదావరికి ఎర్రనీళ్ళు రావడానికీ మా ఇంటి వాట్లకూ సంబంధం ఉందని ఇంకో వారం ఆగితే నిరూపించేవాణ్ణేమో. ఆ పట్టిక చూసి మా ఆవిడ, "దీన్ని ఎవరికీ చూపించకండి" అంది.

పన్నెండో రోజు సాయంత్రం అన్నాల దగ్గర మామగారు నాకెదురుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఉన్నది ఒక పప్పు గిన్నె, అంతే.

"అమ్మాయ్, వానకి పెరుగుతోందా అని అల్లుడు గార్ని అడుగమ్మా" అన్నారు.

"పెరుగుతోందని చెప్పు" అన్నాను.

"ఎండకి తగ్గుతోందా అని కూడా అడుగు."

"తగ్గుతోందండి" అన్నాను, ఆవిడ కోసం ఆగకుండా.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కాసేపు ఎదురుగోడ వంక చూశారు. లేచి చెయ్యి కడుక్కున్నారు. మజ్జిగ కూడా పోసుకోలేదు.

మర్నాడు పొద్దున గీజరు పనిచెయ్యలేదు. "లోపల కాయిలు పోయుంటుందమ్మా, తీరిగ్గా చూస్తాను" అన్నారు మామగారు. నీళ్ళు గ్యాసు పొయ్యి మీద కాచుకున్నాం. కాలేజీకి వెళ్ళాక ఫోను తెరిచి చూశాను. సున్నా.

బయట వాన కురుస్తోంది. ఇంట్లో ఫ్రిజ్జు నడుస్తోంది. సున్నా. సాయంత్రం వచ్చి ఏసీ వేశాను, సున్నా. అన్నీ ఆపాను, సున్నా. డెబ్బై అయినప్పుడు కనీసం ఏదో ఒకటి జరుగుతోందన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు ఎటు చూసినా మా ఇల్లు లేనట్టే ఉంది. కానీ ఒక పెద్ద మార్పు కూడా వచ్చింది. మా ఆవిడ సైకిలు ట్యూబు పక్కకు తోసి, వేలి కొనతో కుళాయి తాకింది. తరవాత అరచెయ్యి పెట్టింది.

"ఏమీ లేదండీ! ముట్టుకోండి."

చెప్పులు విడిచి ముట్టుకున్నాను. మామూలు కుళాయి, చల్లగా ఉంది.

"అయితే నాన్నే గెలిచాడు. అన్నీ ఆపితే సున్నా వచ్చింది. కుళాయి కూడా బాగుంది. నాన్నా, నీ వైరింగు ఉంటుంది!" అని హాల్లోకి కేకేసింది.

"అలాగేనమ్మా" అని హాల్లోంచి వినిపించింది. గెలిచిన మనిషి గొంతులా లేదు. ఆ తరవాత తొమ్మిది రోజులూ ఆయన మా అందరికంటే ముందు లేచి బాత్రూములోకి వెళ్ళి, కుళాయికి టెస్టరు పెట్టి చూసి వచ్చేవారు. గీజరు సంగతి అడిగితే మాత్రం తీరిగ్గా చూస్తానన్నారు. ఆయనకు తీరిక తప్ప వేరే పని లేదు. అదీ నాకు అర్థం కాలేదు. అర్థం కాని వాటి జాబితా అప్పటికే పెద్దది కాబట్టి దీన్ని అడుగున చేర్చాను.

తరవాతి ఆదివారం కాంట్రాక్టరు వచ్చాడు. ఇంక అక్కర్లేదని మా ఆవిడ ముచ్చటగా చెప్పింది, ఫోను కూడా చూపించింది. అతను ఒకసారి తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు, ఫోనులో సున్నా వంక చూశాడు.

"ఫ్యాను తిరుగుతుంటే సున్నా ఏంటమ్మా?" అంటూ బోర్డు దగ్గరికి నడిచాడు. క్లిప్పు చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకుందామని గోడకు చెయ్యి ఆనించాడు గానీ ఆగలేదు.

"మాస్టారూ, ఇది మీరు బిగించారాండి?"

"అవును."

"ఆయ్, ఎంత పని చేశారండి! ఈ నల్ల తొడుగులో రెండు వైర్లుంటాయండి. ఒకదాంట్లో కరెంటు లోపలికి వెళ్తుంది, రెండోదాంట్లో తిరిగొస్తుంది. రెండూ కలిపి మూసేస్తే దానికిది చెల్లు అండి. వీధిలో లైట్లన్నీ మీ ఇంట్లోనే వేసినా ఇది సున్నాయే చూపిస్తుంది. కాలేజీలో ఏం చెప్తారండి మీరు?"

"ఎకనామిక్స్."

"అదీ సంగతి" అన్నాడు, అంతా తేలిపోయినట్టు.

మా ఆవిడ నా వంక చూసింది. మా వీధి చివరి దాకా ఈ కథ సాయంత్రానికల్లా వెళ్తుందని ఆ చూపులో ఉంది. పెద్దాపురంలో ఫంక్షను హాలు దాకా వెళ్తుందని నాకు తెలుసు. నేను చెయ్యగలిగింది ఏమీ లేక, ఆ నల్ల వైరును మొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ నిలబడ్డాను. ఒక్కటే ఉంది, నున్నగా.

అప్పుడు మామగారు కుర్చీలోంచి లేచారు.

"సున్నా రాకపోతేనో?" అన్నారు.

"ఏంటండి బాబాయ్ గారూ?"

"రెండూ కలిపి బిగించాక సున్నా రాలేదనుకోండి. అప్పుడేంటండి?"

కాంట్రాక్టరు నవ్వు సగంలో ఉంది. మిగతా సగం బయటికి రాలేదు.

"అప్పుడు... వెళ్ళిందంతా తిరిగి రావట్లేదని కదండి. మధ్యలో ఎక్కడో గోడలోకి దిగిపోతున్నట్టు."

"అదేనండి. ఒక్క వైరుకి బిగిస్తే ఎంత వాడామో తెలుస్తుంది, ఎంత కారిపోయిందో తెలియదు. కారింది తెలియాలంటే రెండూ కలిపే బిగించాలి. మా మిల్లులో అలాగే చూసేవాళ్ళం. అల్లుడు గారు తెలిసే బిగించారండి. పన్నెండు రోజులు డెబ్బై వచ్చింది. వాన పడితే తొంభై. పుస్తకంలో రాసి కూడా పెట్టుకున్నారు."

ఇలా అంటూనే చొక్కా జేబులో చెయ్యి పెట్టి, టెస్టరు పక్కనుంచి తెల్లటి పింగాణీ ఫ్యూజు ఒకటి బయటికి తీశారు.

"గీజరు లైను ఇది. గీజరు ఆగిన రోజు నుంచీ నా దగ్గరే ఉంది."

వెళ్ళి బోర్డులో దాన్ని నొక్కారు. "చూడమ్మా" అన్నారు. ఫోను మా ఆవిడ చేతిలో ఉంది.

"సున్నా... సున్నా... నాన్నా, అరవై ఎనిమిది."

ఫ్యూజు లాగేశారు.

"సున్నా" అంది ఆవిడ. ఫోను దించి తండ్రి వంక చూసింది. "ఇన్నాళ్ళూ తెలుసా నీకు?"

"వానకి పెరుగుతోందని చెప్పారు చూడు, అప్పుడు తెలిసింది." ఆయన కాంట్రాక్టరు వైపు తిరిగారు. మాకు చెప్పడం కంటే అతనికి చెప్పడమే తేలికని కాబోలు. "మా అమ్మాయి పెళ్ళికి కట్టించామండి ఆ బాత్రూము. అల్లుడు గారు మొదటిసారి వస్తున్నారు, వేణ్ణీళ్ళకి గీజరు ఉండాలని మా ఇంటిది పట్టుబట్టింది. మూడు రోజులుంది టైము. లైను కొత్తగా లాగాలి, లాగలేదు. అంతకు ముందు పొడిగా ఉండే గోడలో పాత లైను ఉంటే దాన్నే కలిపేశాను. పెళ్ళయ్యాక మారుద్దామనుకున్నాను. మర్చిపోయాను. వానకీ స్నానాల నీళ్ళకీ ఆ గోడ తడిసింది, లోపల వైరు పాడైంది. వైరింగుది కాదండి తప్పు. నాది."

కాంట్రాక్టరు చెవిలో వైరు తీసి జేబులో పెట్టుకున్నాడు. "అయితే ఆ ఒక్క లైనూ మార్చేస్తే సరిపోతుందేమోనండి బాబాయ్ గారూ" అన్నాడు. ఈసారి అతని మాట చివర 'ఆ రోజులకి' లేదు.

"మొత్తం మార్చండి. ఒకటి మర్చిపోయినవాడు ఇంకోటి మర్చిపోడని ఏముందండి?" అన్నారు మామగారు.

ఆ రోజు ఆయన ఊరుకుని ఉంటే ఏమయ్యేదో నేను చాలాసార్లు ఆలోచించాను. కాంట్రాక్టరు నన్ను చూసి నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాడు. వైరింగు అలాగే ఉండేది, ఆయన పేరూ అలాగే ఉండేది. గీజరు లైను మాత్రం ఏదో ఒక మధ్యాహ్నం, మేం లేనప్పుడు, చడీచప్పుడు లేకుండా ఆయనే మార్చుకునేవారు. తొమ్మిది రోజులు ఆయన ఆలోచించింది అదేనేమో. ఇంటి అల్లుడు బయటి మనిషి ముందు తెలివితక్కువవాడు కావడం ఆయనకు అంత కష్టంగా తోచిందా? లేక ఆ గెలుపు మింగుడుపడక, చెప్పడానికి ఏదో ఒక సాకు కోసం చూస్తున్నారా? నేను తెలిసే బిగించానని నిజంగానే నమ్మారా? అడగాలంటే మా ఆవిడ ద్వారా అడగాలి. ఆవిడ నవ్వుతుంది. అందుకని అడగలేదు. ఆ పొగడ్తను మాత్రం నేను కాదనలేదు, కాస్త తలొంచుకుని ఒప్పుకున్నాను.

గోడల పని పది రోజులు సాగింది. బోర్డులో దారపు ముడులు ఆయనే స్వయంగా కోశారు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వీధివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దుమ్ము చూసి, ఆయన్ని చూసి, ఏమీ అడగకుండా వెళ్ళారు. గేటు దగ్గర పిలుపు నేను అనుకున్నట్టే ఆగిపోయింది. పదో రోజు సాయంత్రం ఆయన ఉతికిన చొక్కా వేసుకుని నా దగ్గరికొచ్చారు. మా ఆవిడ వంటింట్లో ఉంది. ఆయన అటు చూడనైనా లేదు.

"అల్లుడు గారూ, ఆ క్లిప్పు ఓసారి పట్టుకొస్తారాండి? ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి."

నేను క్లిప్పు, డబ్బా, ఫోను పట్టుకుని వెనకాలే నడిచాను.

మొదటి ఇల్లు మా ఎదురుగా, ఒక టీచరుగారిది. ఆవిడ తలుపు తీసి కంగారుపడింది. "నేను వేసిన వైరింగులో తప్పేమైనా ఉందేమో చూద్దామని వచ్చానమ్మా" అన్నారు మామగారు, వాన వచ్చేలా ఉందని చెప్పినంత మామూలుగా. ఆవిడకు ఏం చెయ్యాలో తోచక మా చేతుల్లో అన్నవరం ప్రసాదం పెట్టి, కుర్చీలు వేసింది. నేను ఈ పది రోజుల్లో బాగా చదువుకున్నాను కాబట్టి, బోర్డు తెరిచి, అన్ని జాగ్రత్తలూ తీసుకుని, ఒక్క వైరును విడిగా పట్టుకుని క్లిప్పు తెరిచాను.

"అలా కాదండి" అన్నారు మామగారు.

తొమ్మిదేళ్ళలో ఆయన నాతో నేరుగా అన్న మొదటి 'కాదు' అది. నేను క్లిప్పు పట్టుకుని అలాగే ఆయన్ని చూశాను.

"రెండూ కలపండి. వేళ్ళు అడ్డం తియ్యండి. అదీ. ఇప్పుడు ఫోను చూడండి, నా వంక కాదు."

అక్కడ సున్నా. రెండో ఇంట్లో సున్నా. ఆయన ఊపిరి వదలడం వినిపించింది. మూడో ఇల్లు వీధి మలుపులో ఉంది. ఆ ఇంట్లోవాళ్ళు ఈమధ్యనే మేడ మీద ఇంకో గది వేశారు. అంకె కాసేపు సున్నా దగ్గర తచ్చాడింది, మెల్లగా పైకెక్కి ఆగింది.

"ముప్పై ఒకటండి" అన్నాను.

ఆయన తల ఊపారు. ఒక్కో ఫ్యూజూ లాగుతూ, నన్ను అంకె పైకి చదవమంటూ, నాలుగోదాని దగ్గర ఆగారు. గోడ పొడుగునా అరచేత్తో తడుముకుంటూ వెళ్ళి ఒకచోట నిలబడ్డారు.

"అమ్మా, పెన్సిలుంటే ఓసారి ఇస్తావా?" అన్నారు ఆ ఇంటావిడతో. ఆవిడ తెచ్చి ఇచ్చింది. ఆయన వంగి, గోడ మీద ఒక చిన్న గుండ్రం చుట్టి, పక్కన తన పొడి అక్షరాలు రాశారు.

"రేపు పొద్దున్నే వస్తానమ్మా. అప్పటిదాకా ఈ ఫ్యూజు నా దగ్గరుంటుంది. పదండి అల్లుడు గారూ."